గంజాం సీమలో టైపు మిషను: పాత మీటలకు వచ్చిన క్రొత్త వెల

ఒక సీమ చరిత్రను శాసనములనుండి, తాళపత్రములనుండి, కైఫీయతులనుండి వెలికి తీయుట మనవారికి అలవాటైన పని. గంజాం సీమకు అట్టి సామగ్రి కొదువ లేదు. బరంపురపు పట్టుమగ్గమును గురించియు, గోపాలపురపు రేవును గురించియు, సంస్థానముల సాహిత్యపోషణమును గురించియు వ్యాసములు వెలువడినవి. కాని గడచిన నూరేండ్లలో ఇచ్చటి తెలుగు కుటుంబములకు ఎన్నింటికో అన్నము పెట్టిన పనిముట్టు మరియొకటి ఉన్నది. దానిని గురించి వ్రాయవలెనని తోచినవారు అరుదు. అది టైపు మిషను. ఇనుప వస్తువు, పరదేశమునుండి వచ్చిన వస్తువు, పైగా కచేరీ వస్తువు అగుటచే కాబోలు, అది చరిత్రకెక్కలేదు. వాడుక తగ్గినంతనే అటకెక్కినది.

ఇప్పుడు దానికి వెల వచ్చినది. అటకమీది వస్తువునకు వెల వచ్చినచో అది క్రిందికి దిగును. దిగి, దుమ్ము దులుపుకొని, చాలవరకు ఇల్లు దాటిపోవును. అట్లు పోవుటకు ముందే దానిని గురించి నాలుగు మాటలు చెప్పుకొనుట మంచిదని ఈ వ్యాసము.

ఈ వెల మొదట టైపు మిషనునకు వచ్చినది కాదు. దాని మనుమని వంటి కంప్యూటరు కీబోర్డునకు వచ్చినది. నేడు దుకాణములలో దొరకు చవుక కీబోర్డులలో మీటల క్రింద ఒక రబ్బరు పొర మాత్రము ఉండును. వ్రేలు నొక్కినప్పుడు మెత్తగా దిగును, మెత్తగా లేచును. అక్షరము పడినదో లేదో కన్ను చూచి చెప్పవలసినదే. మొదటి కంప్యూటర్ల కాలమున అట్లు కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1981లో తన చిన్న కంప్యూటరుతోపాటు ఇచ్చిన కీబోర్డులోను, 1980ల నడుమ దాని స్థానమున వచ్చిన 'మోడల్ ఎం' అను కీబోర్డులోను ప్రతి మీట క్రిందను వేరుగా ఒక స్ప్రింగు ఉండెను. మీట కొంత దిగినపిదప ఆ స్ప్రింగు ఒక్కసారిగా ప్రక్కకు వంగి 'టక్కు'మనును. ఆ చప్పుడును, వ్రేలికి తగులు ఆ చిన్న తాకిడియు అక్షరము పడినదనుటకు సాక్ష్యము. జర్మనీ దేశపు చెర్రీ సంస్థ 1980లలో వేరొక రీతి మీటలను చేసెను; వాటిలో కొన్ని పలుకును, కొన్ని పలుకవు. మన దేశమున టి.వి.ఎస్. వారి 'గోల్డ్' కీబోర్డు ఈ చెర్రీ మీటలతోనే వచ్చి, బ్యాంకులలోను, సర్కారు కచేరీలలోను, డి.టి.పి. దుకాణములలోను బహుకాలము టకటకలాడినది. ఆ చప్పుడు వినని తెలుగు డి.టి.పి. పనివాడు ఉండడు.

1990ల తరువాత చవుకదనము గెలిచినది. బరువైన పాత కీబోర్డులను కచేరీలు కుప్పలుగా పారవేసెను. తరువాత కొంతకాలమునకు, దినమంతయు మీటల మీదనే బ్రతుకు ప్రోగ్రాములు వ్రాయువారు ఆ కుప్పలలోనికి చేయిపెట్టి వెదకనారంభించిరి. ఊరక పోయిన మోడల్ ఎం కీబోర్డులకు నేడు గుజరీ వేలములలో వంద డాలర్లును, స్థితిని బట్టి అంతకు మించియు పలుకుట కలదు. అంతకుముందరి మోడల్ ఎఫ్ ఇంకను ప్రియము. కొందరు సేకరించువారు పాత ఫలకమును విప్పి, లోపలి చెర్రీ మీటలను మాత్రము ఊడదీసి, క్రొత్త ఫలకమున అమర్చుకొందురు. పాతబడి నునుపుదేరిన మీట క్రొత్తదానికంటె సుఖమని వారి మాట. నిజమే కావచ్చును. కాని వస్తువు మొత్తముగా కంటె ముక్కలుగా ఎక్కువ వెల చేయు స్థితి వచ్చినదనిన, ఆ వస్తువునకు ఆయువు మూడినదనియే అర్థము. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. టైపు మిషనుల సంగతిలో మరల ఇది వచ్చును.

టైపు మిషనుల వేలము వేరొక లోకము. అమెరికాలోని మిల్వాకీ నగరమున క్రిస్టఫర్ షోల్స్ అను ముద్రాపకుడు తన మిత్రులతో కూడి కల్పించిన యంత్రమునకు 1868లో హక్కు పొందెను. తుపాకులు చేయు రెమింగ్టన్ కంపెనీ దానిని 1874లో అంగడికి తెచ్చినది. నాటి వెల 125 డాలర్లు. మీటలను అకారాదిగా కాక నేడు మనమెరిగిన చిత్రమైన వరుసలో పెట్టినది అతడే. లోపలి కమ్ములు ఒకదానికొకటి చిక్కుపడకుండుటకై అట్లు చేసెనని లోకవాదము. దానిని ఒప్పుకొనని చరిత్రకారులును కలరు. ఏమైనను, మన సెల్లుఫోనులో లోహపు కమ్ము ఒక్కటియు లేకున్నను ఇంగ్లీషు అక్షరములు నేటికిని ఆ వరుసలోనే కూర్చున్నవి.

పాత మిషనులకు లభించు వెలలలో ఎంత వ్యత్యాసము ఉండునో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. కార్మక్ మెకార్తీ అను అమెరికా నవలాకారుడు 1963లో ఒక తాకట్టు దుకాణమున 50 డాలర్లకు ఒలివెట్టి కంపెనీ వారి చిన్న మిషను నొకదానిని కొనెను. సుమారు అర్ధశతాబ్దము దాని మీదనే నవలలన్నియు వ్రాసెను. 2009 డిసెంబరులో న్యూయార్కులోని క్రిస్టీస్ వారి వేలమున దానికి 2,54,500 డాలర్లు వచ్చినవి. వేలము వేసినవారు ముందుగా వేసిన అంచనా ఇరువది వేలకు మించలేదు. ఆ సొమ్ము ఒక విజ్ఞానసంస్థకు పోయినది. మెకార్తీ మరల వ్రాయుటకు అదే రకపు మరియొక మిషను కావలసి రాగా, ఒక మిత్రుడు దానిని కొద్ది డాలర్లకే సంపాదించి యిచ్చెను. ఇనుము ఒక్కటే, మీటలు ఒక్కటే, కంపెనీ ఒక్కటే. రెండు లక్షలకు పైబడిన ఆ భేదము ఎందుకు వచ్చినది? మొదటి మిషను ఎవరిదో, దానిపై ఏమి వ్రాయబడినదో తెలిసియుండుట చేత. అమ్మువాడే స్వయముగా ఆ సంగతిని వ్రాసి సంతకము చేసి యిచ్చుట చేత. వేలమున పలికినది యంత్రము కాదు, దానితో వచ్చిన కాగితము.

ఇక మన సీమకు వచ్చెదము.

పందొమ్మిదవ శతాబ్దాంతమున టైపు మిషను హిందూదేశపు కచేరీలలో ప్రవేశించునాటికి గంజాం చెన్నరాజధానిలో ఉత్తరపు కొనన ఉన్న జిల్లా. కలెక్టరు కచేరి ఛత్రపురమున. న్యాయస్థానములు, కళాశాల, వకీళ్లు బరంపురమున. 1878లో కళాశాలయై, తరువాత ఖల్లికోట రాజాగారి పేర వెలసిన విద్యాలయము ఇంగ్లీషు నేర్చినవారిని ఏటేట తయారుచేయుచుండెను. భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వి. వి. గిరిగారు 1894లో పుట్టినది ఈ ఊరనే. వారి తండ్రి జోగయ్య పంతులుగారు ఇచ్చటి వకీలు. వకీళ్లున్నచోట గుమాస్తాలుందురు; గుమాస్తాలున్నచోట నకళ్లుండును. చేతివ్రాత కాలమున నాలుగు నకళ్లకు నాలుగు మారులు వ్రాయవలెను. మిషను వచ్చినపిదప నడుమ కార్బన్ కాగితములు పెట్టి ఒక్కమారు కొట్టిన చాలును. చక్కని దస్తూరి గల గుమాస్తాకు ఉన్న గౌరవము ఆ దినమున కొంత తగ్గినది. వేగము గల వ్రేళ్లకు గౌరవము వచ్చినది. కోర్టు ఆవరణమున చెట్టునీడను బల్లయు మిషనును వేసికొని అర్జీలు కొట్టిపెట్టు వృత్తి అప్పటినుండి పుట్టినది. ఆ వృత్తివానికి భాష మాత్రమే కాదు, చట్టపు పద్ధతియు తెలియవలెను. కక్షిదారుడు గోడు చెప్పుకొనుచుండగా దానిని అర్జీ రూపమునకు మార్చుట అతని నేర్పు.

ఈ మిషనునకు గంజాములో ఒక ప్రత్యేకమైన రాజకీయ చరిత్ర కలదని నా అభిప్రాయము. 1903లో ఉత్కళ సమ్మేళనము ప్రారంభమైనది. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. అప్పటినుండి ఈ జిల్లా ఎవరిదను వాదము ముప్పది ఏండ్లకు పైగా నడచినది. 1924లో ఫిలిప్, డఫ్ అను ఇద్దరధికారులు వచ్చి ఓఢ్రభాషీయుల అభిప్రాయములను విచారించిరి. పిమ్మట సైమను కమిషను వచ్చెను. 1931లో ఓడొనెల్ గారి అధ్యక్షతను సరిహద్దుల సంఘము ఏర్పడెను. వచ్చిన ప్రతి సంఘమునకును ఇరుపక్షములవారు వినతిపత్రములు, జనాభా లెక్కల పట్టికలు, ఆక్షేపణలు, ప్రత్యాక్షేపణలు సమర్పించుచునే యుండిరి. ఇందు గమనింపదగిన విశేషమేమనగా, బరంపురము తెలుగుదని వాదించినవారును, ఒడియాదని వాదించినవారును తమ వాదమును వినిపించినది ఇంగ్లీషున. రెండు పక్షముల కాగితములును ఈ ఊరి మిషనులపైననే, ఒకే రకపు మీటలపైననే సిద్ధమైయుండుననుకొనుట తప్పు కాదు. రెండు భాషలు తమ నడిమి గట్టును గురించి మూడవ భాష మీటలతో పోరాడినవి. ఆ మీటలపై తెలుగు అక్షరమును లేదు, ఒడియా అక్షరమును లేదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. బరంపురము, ఛత్రపురము, ఆస్కా, ఘుమ్సూరు అందులో చేరినవి. శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో కలిసినవి. ఇచ్ఛాపురము ఈవల ఒక రాష్ట్రము, ఆవల ఒక రాష్ట్రము. ఇండ్లు కదలలేదు; బంధుత్వములు కదలలేదు; కచేరి మాత్రము మదరాసునుండి కటకమునకు తిరిగినది. ఈ మార్పున తెలుగు గుమాస్తాను కొంతకాలము నిలబెట్టినది టైపు మిషనే. ఇంగ్లీషు కచేరీలో ఉన్నంత కాలము మదరాసులో పనికివచ్చిన వ్రేళ్లు కటకములోను పనికివచ్చినవి. 1954లో ఒరిస్సా అధికారభాషా శాసనము వచ్చినది. అమలు మెల్లగానే జరిగినను దిక్కు తేటపడినది. ఉద్యోగమున ఉన్న తెలుగువారిలో పలువురు ఒడియా మీటలును నేర్చిరి. ఇంట మాట తెలుగు. చేతికి మొదట వచ్చినది ఇంగ్లీషు మీట. తరువాత వచ్చినది ఒడియా మీట. ఇన్ని లిపులను వ్రేళ్లలో దాచుకొన్న ఆ తరము వారిని మనము గుమాస్తాలని ఊరకుంటిమి. పండితులనవలసినది.

ఉద్యోగము బరంపురముననే దొరకవలెనని లేదు. ఆ దినములలో బెంగాల్ నాగపూర్ రైలుమార్గము ఊరి గుండా పోవుచుండెను. టైపును, సంక్షిప్తలిపియును నేర్చిన కుర్రవానికి ఆ స్టేషనునుండి రెండు ప్రక్కలకును దారియే: ఇటు వాల్తేరు, మదరాసు, అటు ఖరగ్‌పూరు, కలకత్తా, జంషెడ్‌పూరు. ఆ మార్గమున నేటికిని తెలుగు కుటుంబములు స్థిరపడియున్న ఊళ్లను లెక్కించుకొనుచు పోయినచో టైపు చేసిన మేలు తెలియును. ఇంగ్లీషులో నిమిషమునకు 30 పదములు కొట్టిన లోయరు, 45 కొట్టిన హయ్యరు. మెట్రిక్యులేషను తరువాత వేసవిలో టైపు ఇన్‌స్టిట్యూటునకు పోవుట ఉపనయనము వంటి సంస్కారముగా ఉండెను. పది పదునైదు మిషనులు ఒక గదిలో ఒక్కసారిగా మ్రోగుట వీథి మలుపునకే వినబడెడిది. మొదటి వారమంతయు అర్థము లేని అక్షరముల వరుసలు. పిదప ఒక నక్క సోమరికుక్క మీదుగా గెంతు ఆ ప్రసిద్ధవాక్యము. ఇంగ్లీషు అక్షరములన్నియు ఆ ఒక్క వాక్యమున వచ్చునని తెలియని పిల్లవాడు ఈ నక్కకు ఇంత ప్రతిష్ఠ యేమని విస్తుపోయెడివాడు. ఆడపిల్లలకు కళాశాల చదువు చెప్పించుటకు సందేహించిన ఇండ్లవారు కూడ టైపునకు పంపుటకు ఒప్పుకొనిరి; గది ఒక్కటే, వేళ నిర్ణీతము, ఇల్లు దగ్గర. అట్లు నేర్చినవారిలో కొందరు ఉద్యోగస్థులై ఇల్లు నడిపిరి. ఇది చిన్న విప్లవము కాదు.

ఇక తెలుగు మిషను సంగతి. ఇందులోని చిక్కును గ్రహింపవలెననిన మీటలను లెక్కింపవలెను. మామూలు మిషనున నాలుగు వరుసలలో నలువది అయిదు మీటలకు అటునిటుగా ఉండును. ప్రతి మీటకు క్రింద ఒకటి, పైన ఒకటి, రెండు గుర్తులు. ఎంత పొదుపు చేసినను మొత్తము నూరు గుర్తులకు లోపే. ఇంగ్లీషునకు ఇది పుష్కలము. తెలుగు అచ్చు పనికి మాత్రము అచ్చుకూటమున గుణింతములు, సంయుక్తములు, వత్తులు కలిపి కొన్ని వందల అచ్చుముక్కలు కావలెను. వందలను నూరులోపలికి కుదించుట యెట్లు? అక్షరమును అవయవములుగా విడదీయుటయే ఉపాయము. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. అక్షరము పైకిగాని క్రిందికిగాని పోవలసిన గుర్తులలో కొన్నింటికి బండి కదలని మీటలను ఏర్పరచిరి. అట్టి మీటను కొట్టినప్పుడు గుర్తు పడును గాని కాగితము జరుగదు. తరువాతి అక్షరము అదే చోట వచ్చి దానితో కూడును. ఫ్రెంచి మొదలగు భాషలలో అక్షరము నెత్తిన పెట్టు గీతలకై కల్పించిన యుక్తియే ఇది. మన వత్తులకు అక్కరకు వచ్చినది.

ఫలితము అందముగా ఉండెనా యనిన, ఉండలేదని చెప్పక తప్పదు. వత్తు ఒక ప్రక్కకు ఒరిగెడిది. కొమ్ము అక్షరమునకు తగిలి తగలనట్లుండెడిది. ఇంగ్లీషు మిషనున మొదట అన్ని అక్షరములకు ఒకటే వెడల్పు ఉన్నట్లే ఇచ్చటను ఉండుటచే 'ర'కారము విశాలముగా కూర్చుండగా 'ఘ'కారము ఇరుకున పడెడిది. అయినను ఆ అచ్చును చూచినవెంటనే ఇది తెలుగు మిషను వ్రాత అని గుర్తుపట్టవచ్చును. ఆ అవకరమునకే ఇప్పుడు ఒక ముచ్చట కలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సీమలోని పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులై, శవరభాషను వ్రాతకెక్కించి, తెలుగును నోటిమాటకు దగ్గర చేయుటకు పోరాడిరి. వారి సీమను గురించి ఇట్లు గ్రాంథికమున వ్రాయుట తగునా యని కొందరడుగవచ్చును. సంచికల సంప్రదాయమని వారిని క్షమింప వేడుచున్నాను. ప్రస్తుతమునకు వారిని తలచుట ఎందుకనగా, లిపి యనునది భాషకు చొక్కా వంటిదనియు, కొలతలు మారినచో భాష బిగువు పడుననియు ఈ సీమవారికి తెలిసినంతగా వేరొకరికి తెలియదు. శవర, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, నాలుగును ఒకే సంతలో వినబడు చోటు ఇది.

ఆంధ్రప్రదేశమున 1966లో తెలుగును అధికారభాషగా చేసి శాసనము వచ్చినది. అందుచేత అచ్చటి కచేరీలకు తెలుగు మిషనులు కావలసివచ్చెను. తెలుగు టైపునకు పరీక్షలు కలవు. అచ్చట తెలుగు మిషను సర్కారు వస్తువు. మన వైపున అట్లు కాదు. ఒడిశా కచేరీలో తెలుగు మిషనునకు పని లేదు. కోర్టు చెట్టునీడను పని లేదు. బ్యాంకులో పని లేదు. కనుక గంజాములో ఒక తెలుగు మీటల మిషను ఏ యింటనైనను, ఏ సమాజమందిరమునందైనను ఉన్నచో, అది ఎవరో ఒకరు ఉద్యోగము కొరకు గాక తెలుగు కొరకే కోరి కొన్న వస్తువు. సభకు ఆహ్వానము కొట్టుటకో, నాటకపు ప్రతి సిద్ధము చేయుటకో, బడికి ప్రశ్నపత్రము తయారుచేయుటకో, పెండ్లిపిలుపునకో. అంగడిలో దాని వెలను కట్టువాడు కంపెనీ పేరును, రంగును, పనిచేయునో లేదో అనుదానిని చూచును. ఆ యంత్రము ఈ రాష్ట్రమున ఉండుటకు గల కారణమును చూడడు. ఆ కారణము దాని మీద ఎక్కడను చెక్కబడి లేదు.

మన దేశమున మిషనుల తయారీ స్వాతంత్ర్యము వచ్చిన తరువాతిది. గోద్రెజ్ వారి మొదటి మిషను 1955లో వెలువడినది. మదరాసులో రాయల కార్పొరేషను వారు హాల్డా మిషనులను చేసిరి. కలకత్తా వైపున రెమింగ్టన్ వారు ఉండనే యుండిరి. 1990లలో కంప్యూటరు వచ్చి మెల్లగా వీటి చోటును ఆక్రమించినది. గోద్రెజ్ వారు 2009లో తయారీ నిలిపివేసిరి. ఆ వార్త 2011లో లోకమంతయు ప్రాకి, ప్రపంచమున చివరి టైపు మిషను కర్మాగారము మూతపడెనని పత్రికలు వ్రాసినవి; అది నిజము కాదు, ఇతర దేశములలో చేయువారు అప్పటికి ఇంకను ఉండిరి. అయినను ఆ వార్త వలన ఒక మేలు జరిగినది. ఇక రావు అనుకొన్న వస్తువు మీద మనుష్యునకు మమకారము పుట్టును. సేకరించువారు అప్పటినుండి మరింత వెదకుచున్నారు.

నేటి వ్యాపారమిట్లున్నది. కచేరీలలో వాడు మిషను పదునైదు కిలోలకు అటునిటుగా తూగును. పాత సామానులవాడు దానిని ఇనుప తూకమున కొనును. కొన్ని వందల రూపాయలు చేతిలో పడును. అదే మిషను తుడిచి, రిబ్బను మార్చి, ఛాయాచిత్రము తీసి, కంప్యూటరు అంగళ్లలో పెట్టినచో కొన్ని వేలు అడుగుచున్నారు, కొనువారును కలరు. కాఫీ హోటళ్లలో అలంకారమునకు పెట్టువారు కొందరు, సినిమావారికి అద్దెకిచ్చువారు కొందరు, నిజముగా టైపు చేయువారు కొందరు. ముందుగా గుర్తుంచుకొనుమని కోరిన మాట ఇప్పుడు వచ్చినది: మీటలను కోయువారు కలరు. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందరి ఇంగ్లీషు మిషనుల మీటలకు గుండ్రని గాజు మూతయు లోహపు అంచును ఉండును. వాటిని పటకారుతో కత్తిరించి గాజులుగా, ఉంగరములుగా, చొక్కా గుండీలుగా చేసి అమ్ముట పడమటి దేశములలో వ్యాపారమైనది. మీటలు పోయిన మిషను పండ్లు ఊడిన నోరు వంటిది. మరల బాగుచేయ వలనుపడదు. తెలుగు మిషనుల మీటలు ఎక్కువభాగము తరువాతి కాలపు ప్లాస్టిక్కువి కనుక ఆ ఆపద వాటికి తక్కువ. వాటి శత్రువు వేరు. బరువు, తుప్పు, ఇల్లు మారుట.

తుప్పును గురించి గంజాం వారికి చెప్పవలసిన పని లేదు. గోపాలపురపు గాలిలో ఉప్పున్నది. 1999 అక్టోబరులో ఒడిశాను రెండు తుపానులు కొట్టినవి; లోకము రెండవదానినే మహాతుపానుగా ఎరుగును గాని, బరంపురమును బాధించినది అంతకు పదిదినములకు పైగా ముందు వచ్చిన మొదటిది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము వద్దనే తీరము దాటినది. అటకల మీదను, కొట్టుగదులలోను ఉన్న కాగితములు ఎన్ని తడిసెనో, కమ్ములు ఎన్ని పట్టుకొనిపోయెనో. పట్టుకొన్న మిషనును బలవంతముగా కొట్టరాదు, కమ్ము వంగును. ముందు మెత్తని కుంచెతో దుమ్ము తీసి, ఎరిగిన మెకానికు చేతికిచ్చుట మంచిది. అట్టి మెకానికులు ఇప్పుడు వృద్ధులైరి. రబ్బరు రోలరు రాయివలె గట్టిపడియుండును. దానికి విచారింపవలదు, మిషను పనిచేయును.

ఇంతకంటె త్వరగా పోవునది మరియొకటి. తెలుగు మీటల వరుస. కంప్యూటరు వచ్చిన తొలిదినములలో తెలుగు అక్షరములకు సాఫ్టువేరు చేసినవారు టైపు నేర్చిన వ్రేళ్లు వృథా కాకుండ పాత మిషను వరుసను కూడ కంప్యూటరులో పెట్టిరి. తరువాత భారతీయ భాషలన్నిటికి ఒకే క్రమము ఉండవలెనని 'ఇన్‌స్క్రిప్టు' వరుసను ప్రభుత్వము 1986లో ప్రకటించినది. 1991లో తెలుగు యూనికోడులో చేరినది. ఇప్పుడు సెల్లుఫోనున ఇంగ్లీషు అక్షరములతో 'అమ్మ' అని కొట్టినచో తెలుగున 'అమ్మ' అని వచ్చును. మహా సౌకర్యము. మన పిల్లలు బరంపురమునుండి హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు పోయి, తాతగారి మిషనును తూకమునకు వేసిన సంవత్సరముననే చక్కని టక్కుమను చప్పుడు కొరకు వేలకు వేలు పోసి స్ప్రింగుల కీబోర్డును కొనుచున్నారు. ఇందులో వారి తప్పేమియు లేదు; తాతగారి వస్తువు ఆ చప్పుడు చేయునని వారికి ఎవరు చెప్పిరి? అయితే ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు అలవాటు వలన, తెలుగు మాటాడగలిగియు తెలుగు అక్షరము గుర్తుపట్టలేని తరము మన యిండ్లలోనే పెరుగుచున్నది. ఒడిశాలో తెలుగు బడి దొరకని ఊళ్లలో ఇది మరింత. తెలుగు మిషను ముందు కూర్చున్నవానికి ఆ వెసులుబాటు లేదు. 'క' కావలెననిన 'క' ఎక్కడున్నదో వెదకవలసినదే.

కనుక మిషను అమ్మదలచినవారు అమ్ముకొనవచ్చును. అన్ని యిండ్లలోను పదునైదు కిలోల ఇనుమునకు చోటుండదు. అమ్ముటకు ముందు బండిని ఒక ప్రక్కకు జరిపి క్రింద చూచినచో చాల మిషనులకు లోపల క్రమసంఖ్య కనబడును. కంపెనీ పేరును, ఆ సంఖ్యను బట్టి అది ఏ సంవత్సరమున పుట్టినదో సేకరించువారు చెప్పగలరు. దానిని ఎవరు కొనిరి, ఏ కచేరీలో ఏ పని చేసిరి, దానిపై ఏమి కొట్టిరి అను సంగతులను ఇంటి పెద్దలున్నంతలో ఒక కాగితమున వ్రాయింపవలెను. మెకార్తీ మిషను కథ చూచితిమి గదా. ట్రంకుపెట్టెలలోని పలుచని కార్బన్ నకళ్లను పారవేయరాదు. అర్జీ యైనను, సమాజపు లెక్కయైనను, పెండ్లిపిలుపైనను, మిషనుతోపాటు వాటిని కలిపి ఉంచవలెను. తెలుగు మిషనైనచో మరియొక పని కలదు. క్రొత్త రిబ్బను వేసి, తెల్లకాగితము నెక్కించి, పై వరుసనుండి క్రింది వరుసవరకు ప్రతి మీటను ఒకమారు ఊరకను, ఒకమారు షిఫ్టు నొక్కియు కొట్టవలెను. బండి కదలని మీట వచ్చినచోట ప్రక్కన సున్న చుట్టవలెను. అరగంట పని. ఆ కాగితమునకు రెండు నకళ్లు తీసి, ఒకటి మిషనులోను, ఒకటి ఇంటి దస్తావేజులలోను, అసలు ప్రతిని సమాజపు గ్రంథాలయమునను ఉంచవచ్చును.